స్టెప్నీ లేని బండి

మా మరిది నిద్రలోనే పోయాడని పారాదీప్ నుంచి ఫోన్ వచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు. "నిద్దట్లోనా? సరిగ్గా సూసారేటి?" అని అడిగాను. ఫోన్ చేసినాయన నొచ్చుకునే ఉంటాడు. ఏం చెయ్యను, వాడు కదలకుండా ఒక్కచోట అంతసేపు పడుకున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి నాకూ కాలు నిలవడం లేదు. మా ఆయన పోయాక నేనొక్కదాన్నే ఉంటున్న ఈ సీతమ్మధార ఇల్లేం పెద్దది కాదు. అయినా పొద్దున లేచిన దగ్గర్నుంచి ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానా అని నిలబడుతున్నాను. సర్దిన అలమరానే మళ్ళీ సర్దుతున్నాను. ఆ ఊపులోనే నిన్న కుట్టుమిషను సొరుగు తీసి మంచం మీద బోర్లించాను. బాబిన్లు, విరిగిన సూదులు, తుప్పు పట్టిన హుక్కులు, వాటి మధ్య ఒక బుల్లి టైరు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. నల్లటి రబ్బరు, మధ్యలో మీగడరంగు వేసిన చక్రం. అంచు మీద గాట్లన్నీ పోయి నున్నగా ఉంది.

"దొరికిందిరా నీ సామాను," అన్నాను పైకే.

వాడి సామాను మా ఇంట్లో దొరకని చోటంటూ లేదు. పోపులపెట్టెలో ఆవాల కింద చక్రాలు ఉండేవి. పౌడరు డబ్బాలో బంపరు ఉండేది. ఒకసారి మా ఆయనకి పప్పులో ఏదో గట్టిగా తగిలితే తీసి చూసి, "ఈ మిరియానికి బోల్టు ఎట్టినట్టుందే," అన్నారు. అది ఏ కారుదో తెలియదు గానీ హెడ్‌లైటు. మా మరిది దాన్ని కడిగి జేబులో వేసుకుని, "ఎక్కడుందో అని రెండ్రోజుల్నుంచి సూత్తన్నాను," అన్నాడు తప్ప అన్నకి సారీ కూడా చెప్పలేదు.

నేను కాపురానికి వచ్చేసరికి వాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. అందుకే 'ఒరే' అనే చనువు నాకు. ఆ మనిషి కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. కంచం చేత్తో పట్టుకుని వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూ తినేవాడు. నేను గరిటె పట్టుకుని వెనకాల నడవాలి. "కూకో రా బాబూ, కళ్ళు తిరుగుతన్నాయి," అంటే, "కూకుంటే దిగదు వదినా," అనేవాడు. సినిమాకి వెళ్తే ఇంటర్వెల్లో బయటికి వచ్చేసేవాడు. మిగతా కథ ఇంటికొచ్చి వాడే అల్లి చెప్పేవాడు. "ఇప్పుడే ఒత్తాను," అని చెప్పులు తొడుక్కుంటే సాయంత్రానికి రావచ్చు, లేదా ఎవరి బోటో ఎక్కి పారాదీప్‌లో తేలవచ్చు. మాట మీద నిలబడడని కాదు, అసలు నిలబడడమే వాడి ఒంట్లో లేదు.

పెళ్ళిచూపులకని విజయనగరం తీసుకెళ్ళాం. పిల్ల వచ్చి కూర్చుని, కాఫీలిచ్చి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. అంతసేపూ వీడు తలెత్తి ఫ్యాను చూస్తున్నాడు. తర్వాత స్టూలు అడిగి ఎక్కి దాన్ని విప్పేశాడు. తిరిగొచ్చేటప్పుడు, "పిల్లెలగుందిరా?" అంటే, "బేరింగు పోయింది," అన్నాడు. ఆ సంబంధం వాళ్ళు మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. ఫ్యాను మాత్రం బాగా తిరుగుతోందని కబురు పంపారు.

అప్పట్లో మేం వన్‌టౌన్‌లో కొండవాలు మీద అద్దెకుండేవాళ్ళం. వసారాలో నిలబడితే కాలువలోకి వచ్చే ఓడలు కనిపించేవి. గాలి ఇటు తిరిగితే పోర్టులో పోసిన ఇనపరాయి ఎర్రదుమ్ము ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. మా ఆయనది పోర్టులో గుమాస్తా ఉద్యోగం. మా మరిది ఫిషింగ్ హార్బర్‌లో బోటింజన్లు బాగుచేసేవాడు. అంతకుముందు ఇంకేదో, ఆ తర్వాత ఇంకేదో.

ఓడల వాళ్ళతో వాడికి ఎక్కడలేని స్నేహం. ఏ భాషలో మాట్లాడుకునేవాళ్ళో ఆ దేవుడికే తెలియాలి. ఓడ వెళ్ళిపోయాక నా ఆవకాయ జాడీ సగానికి దిగేది, వాడి చంకలో ఒక అట్టపెట్టె ఉండేది. పెట్టె మీద నిగనిగలాడే కారు బొమ్మ. లోపల కాడలకి వేలాడే ప్లాస్టిక్ ముక్కలు, రబ్బరు టైర్లు. విరుచుకుని, కాగితంలో చూపించినట్టు అతికించుకుంటే కారు తయారవుతుంది. అలా చేసేవాళ్ళు చేస్తారు. వీడు ఆ కాగితాన్ని చుట్టి చెవిలో తిప్పుకునేవాడు.

"బాక్సు మీద ఎలగుందో అలగే సేసీసేత్తే ఇంక నాను సేసిందేటి?" ఇదీ వాడి మాట.

ఒక కారు పైభాగం తీసి ఇంకో కారు ఛాసీ మీద కూర్చోబెట్టాలి, అదీ వాడి జబ్బు. ఛాసీ అంటే కారు అడుగున ఉండే చట్రం, చక్రాలూ ఇరుసులూ పట్టుకునేది. పొడుగు కారు ఒళ్ళు పొట్టి ఛాసీ మీద, జీపు ఒళ్ళు రేసుకారు ఛాసీ మీద. "ఈ పిల్లకి ఆ పిల్లోడు కాదొదినా, ఈడు," అనేవాడు. తీరా జత కుదిరాక రెండు రోజులు చూసి, మూడో నాడు విప్పేసేవాడు.

బొమ్మలతో ఆగితే బాగుండేది.

మా మావగారికి ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. తెల్లారకముందే హార్బర్ నుంచి చేపల గంపలు, ఎండెక్కాక స్టేషన్ నుంచి ప్యాసింజర్లు. మధ్యలో ఫినాయిల్ పోసి కడిగినా ఎక్కినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మావగారికి ఆ బండి అంటే ప్రాణం. రోజూ బండి తియ్యబోయే ముందు గోనెసంచి పరుచుకుని దాని కింద వెల్లకిలా పడుకుని అడుగంతా చూసేవారు. "పైన ఎవడైనా సూత్తాడు. బండి బతుకంతా కిందే ఉంటాది," అనేవారు.

పెట్రోలు ఎక్కువ తాగేస్తోందని మావగారు ఎప్పుడో ఒకసారి విసుక్కున్నారు. అంతే, మా మరిది మనసులో పడిపోయింది. పాత బోటు డీజిలింజను ఒకటి పట్టుకొచ్చి, వద్దు వద్దంటున్నా ఆయన్ని ఒప్పించి, ఆ కారుకి బిగించేశాడు. చూడ్డానికి ఎంత ముచ్చటపడ్డామో! బండి బయల్దేరితే వీధిలో గిన్నెలన్నీ మోగేవి. నెల తిరక్కుండానే హార్బర్ నుంచి గంపలతో వస్తూ ఆ ఇంజను బరువుకి ముందు చట్రం విరిగిపోయింది. బండి మోకాళ్ళ మీద కూలబడినట్టు రోడ్డు మీద కూలబడింది. ఏ మెకానిక్కూ లాభం లేదన్నాడు. పాత ఇనుము వాళ్ళు వచ్చి పట్టుకుపోయారు.

మావగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి చిన్న కొడుకుతో మాట్లాడ్డం మానేశారు. వసారా చివర గోడవైపు తిరిగి ఉండే మంచం మీద కూర్చుని, "అమ్మా, నీ మరిదిని లైటు తియ్యమను," అనేవారు. వాడు పక్కనే నిలబడి, "వదినా, బలుబు పోయిందని సెప్పు," అనేవాడు. ఇద్దరి మధ్యా నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిని. పండగపూట కూడా అంతే. ఒకసారి ఒళ్ళు మండి, "నాను పుట్టింటికి ఎల్లిపోతే మీరిద్దరూ సైగలు సేసుకుంటారేటి?" అని అరిచాను. ఇద్దరూ తల దించుకున్నారు, ఇద్దరిదీ ఒకటే వాలు. మావగారు కడదాకా ఇలాగే ఉండిపోతారేమోనని, మా మరిది ఆ దిగులుతోనే ఏ ఓడో ఎక్కి పోతాడేమోనని నాకు లోపల భయంగా ఉండేది.

తర్వాత గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలైంది. మా మరిది అక్కడ ఒక కంట్రాక్టరు దగ్గర వెల్డింగుకి చేరాడు. ఒక ఆదివారం ఏదో ఊరి తీర్థంలో, జాతర అంగట్లో కొన్న ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మ పట్టుకొచ్చాడు. చిన్నపిల్లలు తాడు కట్టి లాగేది. దాన్ని తిరగేసి చూపించాడు. లోపలంతా ఖాళీ.

"సూసావా వదినా, దీనికి కింద ఏటీ నేదు. నాన్న ముందు కిందే సూత్తాడు."

అప్పుడు అర్థమైంది నాకు. నాన్న బండి చెయ్యబోతున్నాడు.

దానికోసం ఓడ వాళ్ళ దగ్గర తెచ్చిన పొడుగాటి అమెరికా కారు పెట్టె విప్పాడు. ఛాసీ దాన్లో అద్భుతంగా ఉంది. ఇరుసులు, స్ప్రింగు పట్టీలు, పొగగొట్టం, అన్నీ ఉన్నాయి. కానీ అంబాసిడర్ ఒళ్ళు కింద పెడితే ముందు చక్రాలు బానెట్టు దాటి బయటికొచ్చేశాయి. నా కుట్టుటేపు తీసుకుని టాక్సీ స్టాండుకి పరిగెత్తాడు. నిలబడ్డ ప్రతి అంబాసిడర్‌కీ ముందు చక్రం నుంచి వెనక చక్రానికి కొలత. "ఏటి బావా, బండికి జాకెట్టు కుట్టిత్తావేటి?" అని డ్రైవర్లు నవ్వారట. ఇంటికొచ్చి లెక్కకట్టి, కొవ్వొత్తి మీద హాక్సా బ్లేడు ముక్క కాల్చి, ఛాసీని నడుం దగ్గర అడ్డంగా కోసి మధ్యలో ముక్క తీసేశాడు. అంత ముచ్చటైన వస్తువు!

మిగిలిన రెండు ముక్కలూ కలపడానికి నా గుండుసూదులు తలలు తుంచి లోపలికి గుచ్చాడు. పారెయ్యాల్సిన ప్లాస్టిక్ కాడల్ని థిన్నరులో నానేసి పాయసంలా చేసి, ఆ అతుకు మీద పూశాడు. ఇల్లంతా వాసన. అతుకు ఆరేదాకా ఆగాలి కదా? ఆగడు. అరగంటకోసారి వేలితో నొక్కేవాడు, అది విడిపోయేది. మళ్ళీ పూత. పొడవు సరిపోయిందంటే వెడల్పు ఎక్కువైంది. ఇరుసులు కోశాడు. చక్రాలు లోపలికి వచ్చాయంటే మడ్‌గార్డుకి రాసుకుంటున్నాయి. అడుగు పలక అరగదీశాడు. ఒకసారి కోపమొచ్చి మొత్తం విసిరికొట్టి, చెప్పులు తొడుక్కుని పోయాడు. ఎన్నాళ్ళకి వస్తాడో అనుకున్నాను. కాఫీ చల్లారకముందే వచ్చి మంచాల కింద పాకుతూ ముక్కలు ఏరుకున్నాడు.

నేను గమనించింది ఇంకోటి ఉంది. గోడవైపు తిరిగి ఉండే మావగారి మంచం రోజుకింత జరుగుతోంది. ముందు కాస్త వాలుగా. తర్వాత పక్కకి. చివరికి వసారా మొత్తం కనిపించేలా తిరిగిపోయింది. ఆయన చూపు మాత్రం ఓడల మీదే ఉన్నట్టుండేది.

పూర్తయిన రోజు మా మరిది బండిని స్టూలు మీద పెట్టి ఆయన ముందుకి జరిపాడు. నలుపూ పసుపూ రంగులు, చక్రాలకి మీగడరంగు. "వదినా, సూడమను," అన్నాడు.

"అమ్మా, నా కళ్ళజోడు," అన్నారు మావగారు.

ఇచ్చాను. ఆయన బండి తీసుకుని ముందు బోర్లా తిప్పారు. అతుకు మీద వేలు పెట్టి నిమిరారు. ఇరుసులు, స్ప్రింగులు, పొగగొట్టం, అన్నిటి మీదా వేలు వెళ్ళింది. మా మరిది చొక్కా కొస నలుపుతూ నిలబడ్డాడు. అవును, నిలబడ్డాడు. కదలకుండా. అప్పుడు ఆయన బండిని మామూలుగా తిప్పి, కిటికీలోంచి లోపలికి చూశారు. మొహం ఎర్రబడింది.

"ఒరే ఎదవా! స్టీరింగు ఆ పక్క ఎట్టావేట్రా? నాను రోడ్డుకి ఏ పక్క తోలాలిరా?"

ఆ కిట్ అమెరికా కారుది కదా, స్టీరింగు ఎడమ పక్కనుంది. వీడు అది అలాగే అతికించేశాడు. చుట్టుపక్కల వాళ్ళంతా బయటికి వచ్చారు ఆ అరుపుకి. వంటింటి గుమ్మం పట్టుకుని నేను ఏడ్చేశాను. మా మరిది పళ్ళన్నీ బయటపెట్టి, "తప్పైపోనాది నాన్నా. మార్సీత్తాను," అన్నాడు. బండి పోయిన నాటి నుంచి అనాల్సిన మాట అది. స్టీరింగు మీద పెట్టి అన్నాడు.

ఇక ఆగితే కదా! స్టీరింగు మారింది. "ఎనక అంత ఎత్తుగా ఉండీదేట్రా మన బండి? గంపలు మోసి మోసి కూకుండిపోనేదూ?" అన్నారు మావగారు. మా మరిది ఛాసీ మళ్ళీ ఊడదీసి వెనక స్ప్రింగులు అణిచాడు. "ఇంత మెరుస్తందేటి, పెళ్ళికొడుకు బండా?" అన్నారు. వాడు దాన్ని వసారా గోడ మీద వదిలేస్తే పోర్టు ఎర్రదుమ్ము వారంలో సంగతి చూసుకుంది. ఆ తర్వాత ఆయనకి ఇంకోటి గుర్తొచ్చింది. "పూజ సెయ్యించకుండా బండి రోడ్డెక్కితే ఏటవుతాదో తెల్దేట్రా? ఆ ఇంజను ఎట్టినప్పుడు సేయించావా?" ఆ ఇంజను మాట ఆయన నోటి నుంచి అప్పుడే మొదటిసారి వినడం. వాడు, "నేదు నాన్నా. అదే తప్పు," అన్నాడు.

ఆశీల్‌మెట్టలో వినాయకుడి గుడి ముందు కొత్త లారీకి, స్కూటరుకి మధ్య వరసలో తండ్రీకొడుకులు అరచేతిలో కారుతో నిలబడ్డారు. నేను పూలూ కొబ్బరికాయా పట్టుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాలి కదా, ఆ కారుకి నిమ్మకాయ ఎక్కడ సరిపోతుంది? నానబెట్టిన బఠాణీలు కొంగున కట్టి తెచ్చాను. పూజారి గారు ముందు చిరాకుపడ్డారు. మావగారి మొహం చూసి ఏం తోచిందో, కారుకి బొట్టు పెట్టి, గుమ్మడికాయ వంతుకి ఉసిరికాయ దిష్టి తీసి, "తోలండి," అన్నారు. మావగారు వేలితో తోశారు. బఠాణీలు చితికాయి. లారీ డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

అన్నీ అయ్యాయి, ఒక్క స్టెప్నీ తప్ప. డిక్కీ తలుపు తెరుచుకునేలా చేయించుకుని, మావగారు అందులోకి వేలు పెట్టి చూసి, "స్టెప్నీ ఏదిరా?" అన్నారు.

"కిట్‌లో నాలుగే ఇత్తారు నాన్నా."

"స్టెప్నీ నేకుండా బండి తీత్తాడ్రా ఎవడైనా? ఎక్కడైనా సంపాదించు. కొత్తది వొద్దు. మన స్టెప్నీ ఎప్పుడూ గుండు టైరే."

అరిగి నున్నబడ్డ టైరుని గుండు టైరనే అనేవారు ఆయన. అది మొదలు రోజూ ఇదే గోల. మా మరిది పని నుంచి వచ్చి చెప్పులు విడవకముందే, "స్టెప్నీ దొరికిందేట్రా?" "ఓడలోల్లని అడిగాను నాన్నా, ఈసారి ఓడకి తెత్తారంట." ఆ ఓడ ఎప్పుడొస్తుంది, ఏ దేశానిది, ఎంత సరుకుంది, దించడానికి ఎన్నాళ్ళు, అక్కణ్ణుంచి బోట్లు, బోట్ల నుంచి చేపలు, అక్కణ్ణుంచి రాజకీయాలు. మా మరిది గోడకి ఆనుకుని వినేవాడు. ఒక్కోసారి మంచం పట్టె మీద కూర్చునేవాడు కూడా. "ఇప్పుడే ఒత్తాను" తగ్గింది. నేను ఇద్దరికీ కాఫీలిచ్చి నా పని చూసుకునేదాన్ని. నా ఎక్స్ఛేంజి మూతబడింది.

మావగారు పెద్దాసుపత్రిలో పడుకున్నప్పుడు మాట నెమ్మదించింది. ఆ మధ్యాహ్నం మేమంతా చుట్టూ ఉన్నాం. ఆయన కళ్ళు తెరిచి కొడుకు కోసం వెతికారు.

"స్టెప్నీ..." అన్నారు.

"రేపొత్తాది నాన్నా. జపాను ఓడ ఒత్తంది," అన్నాడు మా మరిది ఆయన చెయ్యి పట్టుకుని.

"మరవకు," అన్నారాయన. మరునాటికి లేరు.

కర్మకాండ అయిపోగానే మా మరిది సంచి సర్దుకున్నాడు. కారుని నా చేతిలో పెట్టి, "నీకాడ ఉంచు వదినా. నా కాడుంటే విప్పీసేత్తాను," అన్నాడు. ఆ తర్వాత వాడు ఏ ఊళ్ళోనూ నిలవలేదు. ఎప్పుడైనా వస్తే గుమ్మంలోంచే నేను కారు పెట్టిన షోకేసు వైపు ఒక చూపు చూసేవాడు, కంచం పట్టుకుని నడుస్తూ తినేవాడు, వెళ్ళిపోయేవాడు.

నిన్న ఆ టైరు అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. అంచంతా ఆకురాయితో రాసిన గీతలు, దగ్గరగా పెట్టుకుంటే కనిపిస్తాయి. కావాలని అరగదీసిన టైరు. గుండు టైరు. వెళ్ళి షోకేసు తెరిచి, దుమ్ము తుడిచి, డిక్కీ ఎత్తాను. లోపల పలక మీద గుండ్రంగా గుంట తొలిచి ఉంది. టైరు పెట్టాను. సరిగ్గా కూర్చుంది. కోత లేదు, రాపిడి లేదు. కారు నా చేతికొచ్చాక వాడు దాన్ని ముట్టలేదు, అంటే ఈ గుంటా ఈ టైరూ మావగారు ఉండగానే తయారయ్యాయి.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. "నీ దగ్గరే ఎట్టుకుని రోజూ నేదంటావేట్రా? ఆకరికి ఆసుపత్రిలో కూడానా? ఆయన సూసి పోయీవోడు కదరా!" అని ఖాళీ ఇంట్లో అరిచాను. అరిచి అక్కడే కూలబడ్డాను. స్టెప్నీ ఇచ్చేస్తే బండి పూర్తవుతుంది. పూర్తయితే సాయంత్రం చెప్పులు విడవకముందు ఆ ముసలాయన ఏం అడుగుతాడు? దేన్నీ రెండు రోజులు ఉంచుకోలేని నా మరిది ఆ ఒక్కదాన్నీ పూర్తి చెయ్యకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆ స్టీరింగు కూడా తొందరలో పెట్టింది కాదేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. అడుగుదామంటే వాడు లేడు.

చాలాసేపటికి లేచాను. టైరుని డిక్కీలోంచి గోటితో పైకి తీశాను. షోకేసు మూసి, దాన్ని మళ్ళీ మిషను సొరుగులో బాబిన్ల అడుక్కి తోసేశాను. ఆయన అడుగుతూ ఉండనీ. వీడు రేపొస్తుందని చెబుతూ ఉండనీ.